శ్లాబు ఎవరి లెక్క మీద నడుస్తుంది? ఒక షిప్పింగ్ ఏజెన్సీ ఫోన్ బిల్లింగ్ కేస్ స్టడీ

రేవుకొచ్చిన ఓడ పనులన్నీ ఓనర్ తరఫున చూసే షిప్పింగ్ ఏజెన్సీలో ఫోను ఖర్చంటే ఆఫీసు ఖర్చు కాదు, ఓడ ఖర్చు. ఆస్ట్రేలియా నుంచి కోకింగ్ కోల్‌తో ఓ ఓడ విశాఖ ఔటర్ హార్బర్‌కి బయల్దేరిందంటే దాని కోసం ఇక్కడి ఏజెంటు ఏథెన్స్‌లో ఓనర్‌కి, సింగపూర్‌లో చార్టరర్‌కి (ఓడని అద్దెకి తీసుకున్నవాడికి), మనీలాలో సిబ్బందిని పంపే ఆఫీసుకి ఫోన్లు చేస్తాడు. అవసరమైతే శాటిలైట్ ఫోన్లో కెప్టెన్‌తోనే మాట్లాడతాడు. మెయిళ్లూ వాట్సాపూ వచ్చినా రాత్రి రెండింటికి బెర్తు (రేవులో ఓడ నిలిచే చోటు) మారిందంటే ఎదుటివాడు ఫోనెత్తేదాకా రింగ్ ఇవ్వాల్సిందే. ఓడ వెళ్లిపోయాక పైలటేజీ, బెర్తు ఛార్జీలు, టగ్గులు, మంచినీళ్లు, లాంచీలతో పాటు ఆ ఫోన్ల ఖర్చు కూడా డిస్‌బర్స్‌మెంట్ అకౌంట్లో, అంటే ఓనర్ తరఫున ఏజెంటు పెట్టిన ఖర్చుల ఖాతాలో, ఓ పద్దుగా ఎక్కుతుంది. ఆఫీసుల్లో దీన్ని డీఏ అంటారు. అది ఓనర్ చేతికి వెళ్లేముందు చాలా కంపెనీలు బయటి ఆడిటర్లతో ప్రతి పద్దునీ చూపిస్తాయి.

వన్ టౌన్‌లో పోర్టుకి దగ్గర్లో ఉన్న ఓ మధ్యస్థాయి ఏజెన్సీకి ఫోన్ బిల్లింగ్ లెక్కని కొత్తగా కట్టిపెట్టడానికి నేను చేసిన పని గురించి ఈ వ్యాసం. వాళ్ల ఇబ్బందిని అకౌంట్స్ చూసే మేడమ్ మొదటిరోజే ఒక్క మాటలో చెప్పేశారు: "మన కంప్యూటర్ లెక్కా, ఫోన్ కంపెనీ బిల్లూ ఏ నెలా కలవవు బాబూ. ఆడిటరు అడిగితే నేను ఏటని చెప్పను?"

ఆఫీసులో ఒక పీఆర్ఐ లైను (ఒకేసారి చాలా కాల్స్ మోసే డిజిటల్ లైను), ఓ పీబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజి), ఎప్పుడో కొన్న కాల్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్లో దేశానికి ఒకటే రేటు పెట్టుకునే వీలుంది. ఆపరేటర్‌తో, అంటే ఫోన్ కంపెనీతో, కుదిరిన ఒప్పందంలో మాత్రం ఐఎస్‌డీకి మూడు శ్లాబులున్నాయి. అసలు రేట్లు వాళ్ల వ్యాపార విషయం కాబట్టి అంకెలు మార్చి చెబుతున్నాను, లెక్క తీరు అదే. నెలలో మొదటి 500 నిమిషాలకు నిమిషానికి 9 రూపాయలు. 500 దాటి 1500 దాకా 7.20. ఆపైన 6. సాఫ్ట్‌వేర్లో ముందు 9 పెట్టారు. ఓడల మీద ఎక్కువ వేస్తున్నామని తేలాక దాన్ని 7.20 చేశారు. దాంతో ఒక నెల మిగులు, ఇంకో నెల తగులు.

దేశంలోపలి కాల్స్‌ని మొదటే పక్కన పెట్టాం. కాల్ చేసిన కంపెనీ అందుకున్న కంపెనీకి కట్టే మొబైల్ టెర్మినేషన్ ఛార్జీని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 జనవరి 1 నుంచి సున్నా చేసింది. ఈ ఆఫీసు ఒప్పందంలోనూ దేశీయ కాల్స్ నెల అద్దెలోనే కలిసిపోయాయి. అందుకే లెక్కంతా ఐఎస్‌డీది, శాటిలైట్‌ది.

శ్లాబు అన్న మాటలో దాగిన మూడు మీటర్లు

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లందరూ "శ్లాబు రేట్లు ఉన్నాయి సార్" అనే అంటారు. ఆ శ్లాబు దేన్ని లెక్కపెడుతుందో చెప్పరు. ఒకటి, కాల్ లోపలి శ్లాబు: మొదటి మూడు నిమిషాలు ఒక రేటు, ఆ తర్వాత ఇంకో రేటు, ఫోన్ పెట్టేయగానే మీటరు మళ్లీ సున్నా. రెండు, ఖాతా మీద నెలంతా పేరుకునే శ్లాబు. మూడు, నెలవారీదే, కానీ దేశానికో, దేశాల గుంపుకో విడివిడిగా మీటరు. ఈ మూడూ తెర మీద దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఓపెన్ సోర్స్ ఏ2బిల్లింగ్‌నే తీసుకోండి. దాని రేట్ కార్డులో మొదటి రేటు తర్వాత ఏ, బీ, సీ అని మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టుకి రేటు, ఎంతసేపు నడవాలి, ఎన్ని సెకన్ల పల్సు (ఒక్కో విడతగా లెక్కలోకి తీసుకునే సమయం) అనేవి పెట్టుకోవచ్చు. చూడగానే మన మూడు శ్లాబులూ వీటిలో నింపేద్దామనిపిస్తుంది. కానీ అవన్నీ కాల్ లోపలి మెట్లు. 500 నిమిషాలని అక్కడ రాస్తే, ఎవరైనా ఒకే కాల్‌లో ఎనిమిది గంటలు దాటి మాట్లాడితే తప్ప రెండో రేటు పడదు. తప్పు ఉన్నట్టు ఎక్కడా సందేశం రాదు, ప్రతి కాల్‌కీ 9 రూపాయలు పడుతూ పోతుంది.

ఈ ఒప్పందానిది రెండో రకం మీటరు. అది తేలాక ఇంకో చిక్కు. కాగితం మీద "1500 నిమిషాలు దాటితే నిమిషానికి 6 రూపాయలు" అని మాత్రమే ఉంది. దాటిన నిమిషాలకే 6 రూపాయలా, దాటితే మొత్తం నెలకా? మన కరెంటు బిల్లులో టెలిస్కోపిక్ పద్ధతి ఉంది కదా, ఏ యూనిట్ ఏ శ్లాబులో పడితే దానికి ఆ రేటే. ఫోన్ ఒప్పందాల్లో రెండు పద్ధతులూ కనిపిస్తాయి, తేడా చిన్నదేమీ కాదు. నెలకి 1800 నిమిషాలు అనుకుందాం. టెలిస్కోపిక్ లెక్కలో 500కి 4,500, తర్వాతి 1000కి 7,200, మిగతా 300కి 1,800, మొత్తం 13,500 రూపాయలు. మొత్తానికీ ఒకే రేటు అయితే 1800కి ఆరు చొప్పున 10,800. అంటే 2,700 తేడా. ఈ రెండో పద్ధతిలో అంచుల దగ్గర మరో విచిత్రం ఉంటుంది. సరిగ్గా 1500 నిమిషాలకి 10,800 కట్టాలి, 1501కి 9,006 చాలు. ఒక్క నిమిషం ఎక్కువ మాట్లాడితే బిల్లు 1,794 రూపాయలు తగ్గుతుంది.

ఇలాంటప్పుడు నేను ఫోన్ చేసి అడిగేకంటే ముందు పాత బిల్లులు తీస్తాను. శ్లాబు అంచులు దాటిన మూడు నెలల బిల్లులు తీసుకుని రెండు పద్ధతుల్లోనూ లెక్క వేశాం. టెలిస్కోపిక్ మాత్రమే సరిపోయింది. సేల్స్ మనిషి నోటిమాట కంటే చెల్లించిన బిల్లు గట్టి సాక్ష్యం. ఆ తర్వాతే ఆపరేటర్‌కి మెయిల్ పెట్టాం, మా అవగాహన రాసి, అవునని రాతపూర్వకంగా చెప్పమని.

నిమిషం అంటే ఎంత

అదే మెయిల్లో ఇంకొన్ని ప్రశ్నలూ అడిగాం. వీటికి జవాబు లేకుండా ఏ సాఫ్ట్‌వేర్లోనూ రేట్లు నింపకూడదని నా గట్టి అభిప్రాయం.

పల్సు ఎంత? 2009లో టాటా డొకొమో సెకనుకి పైసా అని వచ్చాక మనకి సెకన్ల లెక్క అలవాటైపోయింది, కానీ ఈ ఐఎస్‌డీ ఒప్పందంలో పల్సు 60 సెకన్లు. 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలు. శ్లాబు మీటరులోకి ఎక్కేది అసలు సెకన్లా, పైకి సవరించిన నిమిషాలా అన్నది దీని వెన్నంటే వచ్చే ప్రశ్న. వంద కాల్స్, ఒక్కోటి 61 సెకన్లు అనుకోండి. నిజంగా మాట్లాడింది 102 నిమిషాల లోపే, బిల్లులో 200. మీటరు ఏది లెక్కపెడితే దాన్ని బట్టి రెండో శ్లాబు నెలలో ముందే వస్తుందా, ఆలస్యంగా వస్తుందా అన్నది మారిపోతుంది. ఇక్కడ సవరించిన నిమిషాలే ఎక్కుతాయని జవాబు వచ్చింది. పాత బిల్లులూ అదే చెప్పాయి.

అంచు మీద పడ్డ కాల్ సంగతేమిటి? మీటరు 497 దగ్గర ఉండగా ఎనిమిది నిమిషాల కాల్ వచ్చింది. విడగొడితే 3 నిమిషాలకి 27, మిగతా 5 నిమిషాలకి 36, వెరసి 63 రూపాయలు. మొదలైన శ్లాబులోనే మొత్తం వేస్తే 72. వీళ్లు విడగొడతారు. కానీ బిల్లు వివరాల్లో ఆ కాల్ ఒక్క వరసలోనే, సగటు రేటు 7.875తో కనిపిస్తుంది. ఒప్పందంలో ఎక్కడా లేని ఆ రేటే ఆడిటర్ కళ్లలో పడి అనుమానానికి దారితీసేది. మా రిపోర్టులో అలాంటి కాల్‌ని రెండు వరసలుగా చూపించాను.

నెల ఎప్పుడు మారుతుంది? కాల్ మొదలైన సమయాన్ని బట్టి, భారత కాలమానం ప్రకారం. వినడానికి చిన్న విషయం. కానీ పీబీఎక్స్‌కి ముందున్న గేట్‌వే కాల్ రికార్డులని యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయంలో, రాస్తోంది. ఒకటో తేదీ తెల్లవారుజామున మూడింటికి చేసిన ఫోన్ యూటీసీలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. పగలు మాత్రమే పనిచేసే ఆఫీసైతే ఇది బయటపడేదే కాదు. ఓడలకి పగలూ రాత్రీ లేవు. ఏ నెల చూసినా ఒకటో తేదీ అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర లోపు చేసిన కాల్స్ పాత నెలలోకి జారి, రెండు నెలల మీటర్లనీ చెడగొడుతున్నాయి. మేడమ్ చెప్పిన తేడాలో మంచి భాగం ఇక్కడే దొరికింది.

వరస ఎందుకు ముఖ్యం

ఇది పుస్తకాల్లో అంతగా కనిపించని విషయం కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మీటరులో ఉన్న కాల్స్ అన్నిటికీ ఒకటే రేట్ల పట్టిక ఉంటే, కాల్స్‌ని ఏ వరసలో లెక్కించినా నెల మొత్తం మారదు. 1800 నిమిషాలు ఎలా తిరగేసినా 13,500 రూపాయలే. కానీ ఈ ఒప్పందంలో కొన్ని దేశాలకి రేట్లు వేరు, మీటరు మాత్రం అందరికీ ఉమ్మడి. అప్పుడు మొత్తమే మారిపోతుంది. మొదటి శ్లాబులో ఇంకా ఐదు నిమిషాలే మిగిలాయనుకోండి. ఖరీదైన దేశానికి 12, ఆ తర్వాత 9. చవక దేశానికి 5, ఆ తర్వాత 4. రెండిటికీ చెరో ఐదు నిమిషాల కాల్. ఖరీదైనది ముందు లెక్కిస్తే 60కి 20 కలిపి 80 రూపాయలు. చవకది ముందైతే 25కి 45 కలిపి 70.

రెండు కాల్స్ ఒకే సమయంలో నడుస్తుంటే ఏది ముందు? మొదలైన సమయమా, ముగిసిన సమయమా? పీబీఎక్స్ మామూలుగా కాల్ ముగిశాకే రికార్డు రాస్తుంది. వచ్చిన రికార్డుని వచ్చినట్టు లెక్కిస్తే ముగింపు వరస అవుతుంది. ఆపరేటర్ మొదలైన సమయం చూస్తాడు. అందుకని కాల్ పడగానే రేటు వేసే పద్ధతి మానేశాం. రికార్డుల్ని ముట్టుకోకుండా ఒక పట్టికలో ఉంచి, రోజూ రాత్రి ఆ నెల మొదటి కాల్ నుంచి మొత్తం మళ్లీ లెక్కించి, వేరే పట్టికలో రాస్తాం. మధ్యలో నెట్‌వర్క్ తెగి రికార్డులు ఆలస్యంగా వచ్చినా మర్నాటి లెక్కలో వాటి చోటికి అవే వెళ్లి కూర్చుంటాయి. నెలకి కొన్ని వేల కాల్స్, కంప్యూటర్‌కి ఇదో బరువు కాదు. నెల మూసేశాక వచ్చినవి మాత్రం సర్దుబాటు వరసగా పై నెలలోకి వెళ్తాయి. మూసిన నెలని తెరవడం ఎవరికీ, మేనేజర్‌తో సహా, వీల్లేదు.

పైసల విషయంలో ఒక్క మాట. రూపాయల్ని ఫ్లోటింగ్ పాయింట్‌లో (కంప్యూటర్ దశాంశాల్ని ఉజ్జాయింపుగా ఉంచే పద్ధతిలో) పెట్టకూడదు. నాలుగు దశాంశాల స్థిర సంఖ్యలో ఉంచి, కాల్‌కి ఒక్కసారే సవరించాలి. 18 శాతం జీఎస్టీ నెల మొత్తం మీద వేయాలి గానీ కాల్ కాల్‌కీ కాదు.

నంబర్లు

అవతలి నంబరు ఏ దేశానిదో తేల్చడానికి అన్నిటికంటే పొడవుగా సరిపోయిన ప్రిఫిక్స్‌ని (నంబరు మొదట్లోని అంకెల్ని) తీసుకోవాలి. గ్రీస్ 30, కానీ 3069 అక్కడి మొబైల్, రేటు వేరు. ఫిలిప్పీన్స్ 63, 639 మొబైల్. 7 రష్యాదే గానీ 77 కజకిస్తాన్‌ది. 1 అంటే అమెరికా అనుకుంటాం, 1876 జమైకా. 870 ఇన్‌మార్‌శాట్, అంటే ఓడలో ఉన్న ఫోను. దాని రేటు మామూలు దేశాల రేటుకి ఎన్నో రెట్లు. ఒప్పందం ప్రకారం శాటిలైట్ నిమిషాలు శ్లాబు మీటరులో ఎక్కవు. పాత సాఫ్ట్‌వేర్లో 870 అసలు లేదు, ఆ కాల్స్‌కి రేటు సున్నా పడుతోంది. కొత్తదానిలో ప్రిఫిక్స్ దొరకని కాల్‌కి సున్నా వేయదు, పక్కన ఆపి ఉంచుతుంది. ఒక్క కాల్ ఆగి ఉన్నా నెల మూతపడదు.

నంబరుని ఒకే రూపంలోకి తేవడం దీనికి ముందు జరగాల్సిన పని. బయటి లైనుకి ఒక సున్నా, ఆ తర్వాత 00, ఆ తర్వాత దేశం కోడ్. మొబైల్స్ నుంచి వచ్చినవాటికి ప్లస్ గుర్తు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా తప్పనిసరి. ఇన్ని సున్నాల మధ్య ఎవరో తెలివిగా "ముందున్న సున్నాలన్నీ తీసేయ్" అని రాసిపెట్టారు. విశాఖ లోకల్ నంబర్లు ఏడంకెలవి, ఎక్కువగా 2తో మొదలవుతాయి. 256తో మొదలయ్యే లోకల్ నంబరుకి సున్నాలు తీసేస్తే సాఫ్ట్‌వేర్‌కి అది ఉగాండా. 255 అయితే టాంజానియా. పోర్టు ఆఫీసుకి చేసిన ఫోన్లు కొన్ని ఓడల ఖాతాల్లో ఆఫ్రికా కాల్స్‌గా ఎక్కి ఉన్నాయి. ఇప్పుడు ముందు పొడవు చూస్తాం. బయటి లైను అంకె తీశాక ఏడంకెలే మిగిలితే ముందు దేశం కోడ్ 91, విశాఖ కోడ్ 891 చేరుస్తాం. 00తో మొదలైతేనే విదేశం.

బ్యాకప్‌గా ఉంచిన రెండు అనలాగ్ లైన్లని ఐఎస్‌డీకి మూసేయించాను. పీఆర్ఐ మీద అవతలివాళ్లు ఎత్తారన్న సంకేతం స్పష్టంగా వస్తుంది, మాట్లాడిన సమయం అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ అనలాగ్ లైన్లకి పొలారిటీ రివర్సల్ (అవతల ఎత్తగానే లైన్లో వోల్టేజీ తిరగబడి ఇచ్చే సంకేతం) లేదు. డయల్ చేశాక కొన్ని సెకన్లకి ఎత్తి ఉంటారులే అని పీబీఎక్స్ ఊహించుకుంటుంది. ఎవరూ ఎత్తని ఫోనుకి కూడా ఒక నిమిషం పడిపోతుంది. ఊహ మీద వేసిన నిమిషాన్ని ఓనర్ చేత కట్టించడం న్యాయం కాదు.

చవక నిమిషాలు ఏ ఓడవి?

ఆపరేటర్ బిల్లు, మా లెక్క కలిశాక అసలు ప్రశ్న మిగిలింది. ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

నెలలో మూడు ఓడలు వచ్చాయనుకుందాం. మొదటిదానికి 500 నిమిషాలు, రెండోదానికి 700, చివరిదానికి 600. కాల్స్ వరసలోనే వేస్తే మొదటి ఓడకి 4,500, రెండోదానికి 5,040, మూడోదానికి 3,960. మొత్తం 13,500, ఆపరేటర్ బిల్లుతో పైసా తేడా లేదు. కానీ నిమిషానికి మొదటి ఓడ 9 కట్టింది, మూడో ఓడ 6.60. నెల మొదట్లో వచ్చిన పాపానికి మొదటి ఓడ ఎక్కువ కట్టాలా? ఎప్పుడు రావాలో ఓడ చేతిలో లేదు. బెర్తు ఖాళీని బట్టి, పోటుని బట్టి వస్తుంది. లెక్క సరైనదే, పంపకం సరైనది కాదు.

నెల సగటు 7.50 చొప్పున వేస్తే 3,750, 5,250, 4,500. ఇదీ మొత్తం 13,500. న్యాయమైన పంపకం. కానీ ఐదో తేదీన వెళ్లిపోయిన ఓడ డీఏ నెలాఖరుదాకా ఆగదు. సగటు ఎంతో ఆ రోజుకి ఎవరికీ తెలియదు. ముందు 9 వేసి తర్వాత తగ్గించి ఇంకో డీఏ పంపుదామా అంటే, మూసిన ఖాతాని చిన్న మొత్తం కోసం మళ్లీ తెరవడం ఓనర్లకీ ఇష్టముండదు, మేడమ్‌కీ ఇష్టముండదు.

అందుకే సాఫ్ట్‌వేర్లో రెండు రేట్ల పట్టికలు పెట్టాను. ఒకటి కొనుగోలు వైపుది: ఆపరేటర్ ఒప్పందం, మూడు శ్లాబులు, నెలంతా నడిచే ఉమ్మడి మీటరు. దీని పని ఆపరేటర్ బిల్లుని సరిచూడడం, అంతే. రెండోది ఓడల వైపుది: శ్లాబుల్లేని ఒకే రేటు, నెల మొదటి రోజున ఖాయమవుతుంది, కిందటి నెల సగటే ఆ రేటు. కిందటి సగటు 7.65 అనుకోండి. ఈ నెల 1800 నిమిషాలకి ఓడల నుంచి 13,770 వచ్చింది, ఆపరేటర్‌కి కట్టింది 13,500. మిగిలిన 270ని ఏజెన్సీ ఉంచుకోదు. పై నెల రేటులోంచి నిమిషానికి 15 పైసలు తగ్గి, 7.50 కాస్తా 7.35 అవుతుంది. తగులు వస్తే అంతే మేర పెరుగుతుంది. ఈ పద్ధతిని డీఏతో వెళ్లే ఉత్తరంలో రెండు వాక్యాల్లో రాస్తున్నారు.

ఈ నెల ఓడల సొమ్ము పై నెల ఓడలకి పోతోందన్నది నిజమే. దానికి మేడమ్‌ ఒక హద్దు పెట్టారు. ఏ ఒక్క ఓడకైనా తేడా ఆ హద్దు దాటితే సర్దుబాటులోకి వెళ్లనివ్వకుండా నేరుగా ఆ ఓనర్‌కే క్రెడిట్ నోటు. మొదట నేను దీన్ని అనవసరమైన పని అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఏజెంటు చేతిలో ఉన్నది పరాయి సొమ్ము.

ఏ కాల్ ఏ ఓడదో తెలియాలంటే డయల్ చేసేముందు జాబ్ నంబరు (ఒక్కో ఓడ పనికి ఆఫీసు ఇచ్చే నంబరు) కొట్టాలి. పీబీఎక్స్‌లో అకౌంట్ కోడ్ సదుపాయం అందుకే. ఐఎస్‌డీకి దాన్ని తప్పనిసరి చేసినప్పుడు ఓడల మీదికి వెళ్లొచ్చే బోర్డింగ్ క్లర్కులకి కష్టంగానే అనిపించింది. "అర్ధరాత్రి లాంచీలోంచి దిగొచ్చి ఇన్నంకెలు కొట్టాలా సార్?" అని ఒకతను అడిగాడు. ఆరంకెల జాబ్ నంబరుకి బదులు, పోర్టులో ఉన్న ఓడలకి మాత్రం రెండంకెల కోడ్ ఇచ్చాం. ఓడ వెళ్లి డీఏ మూశాక ఆ కోడ్ కొంతకాలం ఎవరికీ ఇవ్వకుండా ఆపి, తర్వాత ఇంకో ఓడకి ఇస్తాం. ఏ కోడ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జాబ్‌దో పట్టికలో ఉంటుంది.

కొత్త లెక్కని పాతదానితో పాటు కొన్ని నెలలు నడిపాం. చివరికి కొనుగోలు వైపు మొత్తం ఆపరేటర్ బిల్లుతో పైసలతో సహా కలిసింది. ఆ తర్వాత ఒక నెల కలవలేదు. వెతికితే ఆపరేటర్ మనీలా మొబైల్ కాల్స్ కొన్నిటికి కొత్త రేటుని ఒప్పందంలో ఉన్న తేదీకంటే ముందే వేశాడు. మా పట్టికలో ప్రతి రేటుకీ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి, పాతదాన్ని ఎప్పుడూ చెరపం. ఆ కాల్స్ జాబితా తీసి మేడమ్ మెయిల్ పెట్టారు. పై నెల బిల్లులో ఆ మొత్తం తగ్గించి పంపారు.

ఒప్పందం రెన్యువల్‌లో ఆపరేటర్ ఇప్పుడు శ్లాబుల్ని నిమిషాల మీద కాకుండా నెల బిల్లు రూపాయల మీద పెడతానంటున్నాడు. అలాగైతే మీటరు లెక్కపెట్టేది మారుతుంది, కొనుగోలు పట్టిక మారుతుంది. ఓడల వైపు పట్టిక మాత్రం ముట్టుకోనక్కర్లేదు. సంతకం పెట్టేముందు కిందటి ఏడాది కాల్స్ అన్నిటినీ ఆ కొత్త శ్లాబుల్లో నడిపి చూడమన్నారు మేడమ్. ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాం.